నాలుగో పేజీ కింది సగం

గంట ఇంకా కొట్టలేదు. అయినా జంటజడలు అప్పుడే వచ్చి కూర్చుంది. ఎప్పుడూ అందరికంటే ముందు ఆ పిల్లే, కిటికీ పక్కనున్న ఎర్ర కుర్చీని ఎవరైనా తన్నుకుపోతారని భయం, ఐదున్నరేళ్ల మనిషికి ఆస్తి అంటే అదే మరి. "వందనాలు టీచర్" అని బుద్ధిగా చేతులు జోడించి, ఆ చేతుల సందులోంచే బొమ్మల పలక వైపు చూసి, "ఇవాళ కూడా చేదు నీళ్లేనా?" అంది. "కాదమ్మా, ఇవాళ కొత్తది" అంది ఆమె. ఆమె కూర్చున్నదీ పిల్లల కుర్చీయే, మోకాళ్లు గడ్డానికి తగిలేంత పొట్టిది, అమ్మ ఇరవై ఆరేళ్లు ఆదివారం ఆదివారం బైబిలు క్లాసు చెబుతూ ఇందులో ఎలా ఇమిడిందో, లేచేటప్పుడల్లా "ప్రభువా" అంటూ లేచేది, అది ప్రార్థనో మోకాలి నొప్పో ఎవరికీ తెలిసేది కాదు, ఈ తొమ్మిది వారాల్లో తానూ రెండుసార్లు అలాగే లేచింది. ఒళ్లో అమ్మ నోటు పుస్తకం. నాలుగో పేజీ. కింది సగం కనపడకుండా తను పనిచేసే కళ్లద్దాల దుకాణం చీటీ ఒకటి అడ్డం పెట్టి, జారిపోకుండా క్లిప్పు కూడా పెట్టింది. దుకాణంలో రోజంతా ఆమె పనే అది, ఒక కన్ను మూయండి, ఇప్పుడు చదవండి, ఊ, ఇంకా కింది వరుస, ఇంకా కిందిది. ముసలివాళ్లు కింది వరుస దగ్గర ఆగిపోయి, కనపడటం లేదమ్మా అంటారు, కొందరు కనపడుతున్నా అలాగే అంటారు, కనపడితే ఇక పరీక్ష అయిపోతుందని, అయిపోతే లేచి ఇంటికి వెళ్లాలని. అలాంటివాళ్లను చూసి ఆమె లోపల నవ్వుకునేది. ఇప్పుడు తన పని అంతే అయింది.

అమ్మది ముందుచూపు. ఇంట్లో రేపటికి కూర లేకపోయినా నాలుగో ఆదివారానికి పాఠం ఉండేది. నెలకోసారి శనివారం మధ్యాహ్నం బల్ల మీద బైబిలు తెరిచి, పక్కన టీ చల్లారబెట్టుకుని, పెన్సిల్‌తో నాలుగు పేజీలు రాసేది, వారానికొక పేజీ. అమ్మ పోయేనాటికి పుస్తకంలో చెప్పకుండా మిగిలినవి ఆ నాలుగే. ఐదో పేజీలో నీలం గీతలు తప్ప ఏమీ లేవు. మొదటిది, ఎడారిలో దారి చూపే మేఘం, మంట. దాన్ని రెండు వారాలు చెప్పింది, మొదటి వారం వణుకులో సరిగా చెప్పలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. రెండోది, సముద్రం రెండుగా చీలడం. దాన్ని మూడు వారాలు చెప్పింది, పిల్లలకు దుప్పటి ఆట నచ్చింది కదా అని. మూడోది, చేదు నీళ్లు తియ్యగా మారడం. అదీ మూడు వారాలే, ఈసారి సాకు వెతుక్కునే శ్రమ కూడా పడలేదు. ఇక ఈ నాలుగోది, ఎడారిలో ఆకాశం నుంచి రాలిన మన్నా. ఇది కూడా చెప్పేస్తే అమ్మ దగ్గర ఇక చెప్పడానికి ఏమీ ఉండదు. మనిషి పోయిన రోజున మాట ఆగిపోలేదు ఆమెకు, పెన్సిల్ గీతల్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఇక్కడ ఆగాలి, ముఖాలు చూడాలి. ఇక్కడ నీళ్లు తాగించాలి. సముద్రానికి నీలం దుప్పటి, చెరో కొస ఇద్దరు పట్టుకోవాలి, తుమ్ముల పిల్లాడికి ఇవ్వద్దు. అమ్మ తనకోసం తాను రాసుకున్నవే, కానీ చదువుతుంటే వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పినట్టే ఉండేది. మొదటి వారం తొందరలో దుప్పటి కొస తుమ్ముల పిల్లాడికే ఇచ్చింది. వాడు హోరుమని తుమ్మాడు. సముద్రం మోషే మీద పడిపోయింది. పిల్లలు పడీపడీ నవ్వుతుంటే ఆమె పుస్తకం వంక చూసి, చెప్పావుగా అమ్మా, అనుకుంది. ఆ చెప్పావుగా అనే సుఖం కోసమే ఆ పేజీని మరో రెండు వారాలు పట్టుకు వేలాడింది.

గంట. గార్డు తాతయ్య కొడుతున్నాడు, రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు ఈ సంఘంలో బైబిలు క్లాసులన్నిటికీ పెద్ద, తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరే, చేతిలో పచ్చజెండా లేని లోటు తప్ప ఏ లోటూ లేదు. గంట మోగగానే వరండా అంతా కుర్చీల చప్పుడు, చెప్పుల చప్పుడు, తలుపుల చప్పుడు, పసివాళ్ల గది నుంచి ముసలివాళ్ల మూల దాకా అందరూ ఎవరి క్లాసుకు వాళ్లు. ఇక్కడి పద్ధతి ఒకటుంది, ఆ వారం అన్ని వయసులవాళ్లకీ పాఠం ఒక్కటే. ఐదేళ్లవాళ్లకు బొమ్మలతో, కాలేజీ పిల్లలకు వాదనలతో, పెద్దవాళ్లకు కళ్లజోళ్లతో, కానీ కథ ఒక్కటే, ఇంటికెళ్లి అన్నాల దగ్గర నాన్నమ్మా మనవరాలూ ఒకే సంగతి మాట్లాడుకోవాలని. గంటకాలం అయ్యాక అందరూ పెద్ద హాల్లో చేరతారు, గార్డు తాతయ్య చిన్నవాళ్లతో మొదలుపెట్టి క్లాసుకొక ప్రశ్న అడుగుతాడు. పోయిన ఆదివారం పాఠంలో సంఘమంతా పొగలు కక్కే కొండ కింద నిలబడి ఉంది. "కొండ మీద ఏం వినపడింది పిల్లలూ?" అని తాతయ్య అడిగితే, ఆమె పిల్లలు ఏడుగురూ ఒక్క గొంతుతో "చేదు నీళ్లు!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. తర్వాత, పిల్లలు ఎందుకలా అన్నారో అర్థమైనవాళ్లు ఒక్కొక్కరే నవ్వడం ఆపారు. ఆ ఆపడమే ఆమెకు కొరడాలా తగిలింది. బయటికొచ్చాక తాతయ్య చెట్టు పక్కకు పిలిచాడు, కాసేపు తన చేతిగడియారం వంకే చూశాడు. "మీ అమ్మ పోయినందుకు నాకూ బాధేనమ్మా, కాదనను. కానీ పిల్లల బండి ఐదారు స్టేషన్లు వెనక పడిపోయింది. ఇంకొక్క ఆదివారం చూస్తాను. అప్పటికీ కదలకపోతే వాళ్లని పై క్లాసులో కలిపేస్తాను. ఈ గదికి తాళం వేసి బొమ్మల పెట్టె బీరువాలో పెట్టించేస్తాను. నీకూ కాస్త ఊపిరాడుతుంది." మంచికే అన్నాడు. మంచికే అన్న మాటలు ఎంత లోతుగా దిగుతాయో.

పిల్లలు వచ్చేశారు, తుమ్ముల పిల్లాడు తలుపులోనే ఒకటి తుమ్మి, "వందనాలు" అని తర్వాత అన్నాడు. కళ్లు మూసుకుని ప్రార్థన, ఏడుగురూ కళ్లు మూశారో లేదో చూడాలంటే తను తెరవాలి, అమ్మ కూడా తెరిచేదా, ఎప్పుడూ అడగలేదు. చెక్క అడ్డుగోడకు అవతల కొత్త జంటల క్లాసు. నాలుగు జంటలుండాలి, మూడున్నరే ఉన్నాయి, ఎందుకంటే ఆమె భర్త అక్కడ ఒక్కడే కూర్చుంటాడు, పక్కన ఖాళీ కుర్చీ పెట్టుకుని. ఆ క్లాసు చెప్పే ఆయన అతన్ని సగం జంట అని పిలుస్తాడు. "సగం జంట గారూ, మీ మిగతా సగం ఏమంటోంది?" అంటే అతను గోడకు చెవి పెట్టి, "సముద్రం చీలుతోందండీ" అన్నాడట ఒకసారి. ఇప్పుడు దగ్గాడు. అది దగ్గు కాదు, నేనిక్కడే ఉన్నాను అని, ఆమెకు తెలుసు. ఆమె పెన్సిల్‌తో గోడ మీద చిన్నగా ఒకసారి కొట్టింది. పెళ్లయి మూడు నెలలు కూడా నిండలేదు, ఎన్ని సంకేతాలు పుట్టేశాయో. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, సాయంత్రం ఇంటికొస్తే జేబులు నిండా మరలు, వాటిని ఎక్కడంటే అక్కడ వంపేస్తాడు. పొద్దున జడ వేసుకుంటూ పిన్నుల కోసం పడవ బొమ్మ ఉన్న రేకు డబ్బాలో చెయ్యి పెడితే మర ఒకటి గుచ్చుకుంది. చిన్నప్పటి డబ్బా అది, పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఎలా కలిసిందో కలిసి వచ్చింది, అడుగున ఏవేవో గలగలమంటాయి, పైన ఆమె పిన్నులు, ఇప్పుడు అతని మరలు. "ఇది నా డబ్బా" అంటే, "ఇప్పుడు అన్నీ కలిసిపోయాయి కదా" అన్నాడు టీ గ్లాసు పట్టుకుని, చొక్కా గుండీ ఒక మెట్టు తప్పించి పెట్టుకుని. ఆ తప్పు గుండీని చూసి ఆమె గుండె ఎగిరి గంతేసింది. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషమా, సిగ్గు లేదూ, అమ్మ పోయి పది వారాలే కదా అని వెంటనే ఎవరో లోపల చెంప మీద కొట్టినట్టయింది. ఎప్పుడూ ఇంతే. సంతోషం ముందు, చెంపదెబ్బ వెనక, రెండూ ఒకే గుమ్మంలోంచి వస్తాయి. టీ బాగుంటే తప్పు. అతను పాడితే తప్పు. నవ్వితే మరీ తప్పు.

ఎందుకంటే అమ్మ పోయే ముందు రోజు, ఆ శనివారం సాయంత్రం కూడా నవ్వుతూనే ఉంది. పెళ్లయి పదో రోజు. అతను లిఫ్టులో ఇరుక్కున్న మనిషి కథ చెబుతున్నాడు, చేతిలో పుట్టినరోజు కేకుతో నలభై నిమిషాలు ఇరుక్కుపోయాడట, తలుపు తీసేసరికి సగం కేకు లేదు, మూతి చుట్టూ క్రీము, "నేను ఎక్కినప్పుడే ఇంతే ఉందండీ" అన్నాడట. అతను ఆ మనిషి ముఖం పెట్టి చూపిస్తున్నాడు, ఆమె కడుపు పట్టుకుని మంచం మీద దొర్లుతోంది, అప్పుడు ఫోను. అమ్మ. "చిట్టీ, ఒక్క మాటేనే, మళ్లీ మర్చిపోతాను. నీ పాత..." అంది అమ్మ. ఆ నీ పాత దగ్గర అతను మళ్లీ ముఖం పెట్టాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. "అమ్మా, పొద్దున నేనే చేస్తాను, ఒట్టు" అంది. "సర్లేవే, నవ్వుకోండి" అంది అమ్మ. అమ్మ గొంతులో కోపం లేదు, పైగా అదీ నవ్వుతున్నట్టే ఉంది, ఆ సంగతి ఇంకా కష్టం. పొద్దున ఫోను మోగింది, కానీ చేసింది నాన్న. లేపితే లేవడం లేదమ్మా, అన్నాడు. అంతే అన్నాడు. వెళ్లేసరికి పుట్టింట్లో తలుపు పక్కన కొక్కేనికి బొమ్మల సంచీ సర్ది తగిలించి ఉంది, చెప్పులు కూడా గుమ్మానికి ఎదురుగా తిప్పి పెట్టి ఉన్నాయి.

నీ పాత. ఏమిటది? ఈ పది వారాల్లో ఆ రెండు మాటల వెనక ఆమె పెట్టి చూడనిది లేదు. నీ పాత బట్టలు ఎవరికైనా ఇచ్చేయనా. నీ పాత పుస్తకాలు అటక మీద పెట్టించనా. నీ పాత సైకిల్ తుప్పు పడుతోంది. నాన్ననడిగితే, "ఏమోనమ్మా, సాయంత్రం నీ గదిలో బీరువా అంతా తిరగేసింది, ఏంటే అంటే నీకు తెలీదులే అంది" అన్నాడు, అని మళ్లీ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ వెతుకులాట ఏమిటో ఆయనకు తెలియలేదు, ఆమెకూ తెలియలేదు. కానీ అన్నిటికంటే అడుగున ఒక అనుమానం కూర్చుని ఉంది, దాన్ని ఎవరితోనూ అనలేదు, అతనితో కూడా. పెళ్లికి ముందు అమ్మ అడిగింది, నా మోకాళ్లు ఇక ఆ కుర్చీలో వంగవే, క్లాసు నువ్వు తీసుకోరాదూ అని. ఆమె సూదితో గుచ్చినట్టు మాట్లాడింది, డిగ్రీ చదివింది పిల్లల ముక్కులు తుడవడానికా, ఆదివారం ఒక్కటైనా నిద్రపోనీ, నాకు ఆ ఓపిక లేదు, ఎప్పటికీ ఉండదు. అమ్మ బొమ్మల అంచులు కత్తిరించుకుంటూ ఉండిపోయింది. అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పనిచేసేది, పారేసే గుడ్డ ముక్కలు అడిగి తెచ్చి బొమ్మలు చేసేది, అందుకే ఈ క్లాసులో మోషేకు ఆపరేషన్ గౌను పచ్చ, దేవదూతలందరికీ కట్టు గుడ్డ రెక్కలు. నీ పాత మాట మీదే ఉన్నావా చిట్టీ? అదే అయి ఉంటుంది. ఇంకేముంటుంది. ఆ రాత్రి పోబోతున్న మనిషికి తెలుస్తుందంటారు కదా. అందుకే అంత్యక్రియలైన మర్నాడే, ఎవరూ అడగకముందే, గార్డు తాతయ్య దగ్గరికెళ్లి క్లాసు నేను తీసుకుంటానంది. అది భక్తి అనుకున్నారు అందరూ. కాదు. అది మళ్లీ చేస్తానని ఒట్టేసి చేయని ఫోను.

"టీచర్" అంది జంటజడలు. "మొదలెట్టరా?"

మొదలెట్టింది. పలక మీద మోషేను నిలబెట్టింది, పచ్చ గౌను అంచు దగ్గర దారం ఊడుతోంది. చీటీ పైనున్న సగం పేజీలో అమ్మ ఇలా రాసింది. మొదట ఆకలి గురించి అడగాలి. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే అప్పుడే బిస్కట్టు ఇచ్చేయాలి, ఆకలి మీద పాఠం ఎక్కదు. ఆమె అడిగింది, తుమ్ముల పిల్లాడు తిన్నా కూడా తినలేదన్నాడు, బిస్కట్టు ఇచ్చింది. తర్వాత చెప్పింది, ఎడారిలో జనానికి ఆకలేస్తే తెల్లారేసరికి నేల మీద తెల్లగా, సన్నగా, మంచు పొడిలా పరుచుకుని ఉంది, ఏమిటిది ఏమిటిది అనుకున్నారు, రుచి చూస్తే తేనె వేసినట్టుంది. అమ్మ రాసింది, ఇక్కడ చక్కెర పొడి చేతిలో వెయ్యాలి, ఒక్కొక్కరికి చిటికెడే, ఎక్కువడుగుతారు, ఇవ్వకూడదు. ఆమె వేసింది, ఎక్కువడిగారు, ఇవ్వలేదు. ఇప్పుడు అసలు సంగతి. ఎవరికి ఆ రోజుకెంత కావాలో అంతే తీసుకోమన్నాడు దేవుడు, రేపటికి దాచుకోవద్దన్నాడు, రేపటిది రేపు పంపిస్తానన్నాడు. కానీ కొందరు దాచుకున్నారు. తెల్లారి కుండ మూత తీస్తే ఏముంది? "ఏముంది?" అన్నారు ఏడుగురూ ముందుకు వంగి. "కంపు. పురుగులు!" ఛీ అని అరుస్తూ ఒకరి మీద ఒకరు పడ్డారు, తుమ్ముల పిల్లాడు వేళ్లతో పురుగులా పాకి పక్కవాడి చెవిలో దూరాడు. పురుగులు అనగానే నవ్వుతారు, అని ఉంది పేజీలో. నవ్వనివ్వాలి. నేనూ నవ్వాలి. ఆమె ఆ వరుస చూసి నవ్వబోయింది, సర్లేవే నవ్వుకోండి అన్న గొంతు ఎక్కడినుంచో వచ్చి పెదాల దగ్గర నిలబడింది, నవ్వు రాలేదు, ఆమె ముఖం ఒకటి పెట్టింది, పిల్లలకు అది చాలింది.

ఒక్క జంటజడలు నవ్వలేదు. "ఎందుకు దాచుకున్నారు టీచర్? రోజూ పంపిస్తానన్నాడు కదా?"

"రేపు రాదేమోనని భయం వేసిందమ్మా."

"వస్తుంది కదా!"

"వస్తుందని వాళ్లకి తెలీదు కదా."

"వాళ్లకి బుద్ధి లేదు" అంది జంటజడలు, న్యాయం చెప్పి కుర్చీలో వెనక్కి ఒరుగుతూ.

లేదమ్మా, వాళ్లకు బుద్ధి లేదు. తొమ్మిది వారాలుగా కుండ మూత పెట్టి కూర్చున్నవాళ్లకు బుద్ధెక్కడిది. పై సగం అయిపోయింది. గోడ గడియారంలో ఇంకా పదిహేను నిమిషాలు, పిల్లలకు బొమ్మ కాగితాలు పంచింది, ఎడారి, గుడారాలు, వెనక ఉదయిస్తున్న పెద్ద సూర్యుడు, నేల మీద చుక్కలు చుక్కలుగా మన్నా. మగ్గులో రంగు పెన్సిళ్లు నేల మీద కుమ్మరించింది. వెంటనే మొదలైంది, ప్రతి వారం ఉండే గొడవే, "టీచర్, పసుపు లేదు", "టీచర్, వీడే దాచేశాడు", "నేను కాదు, ఎప్పటినుంచో లేదు". ఉన్న రంగే వేయండమ్మా, అంది ఆమె, ప్రతి వారం అనే మాటే, ఎన్ని వారాలుగా అంటోందో. మేఘం పక్క మంటకు ఎరుపు వేశారు, సముద్రం ఒడ్డు ఇసుకకు గులాబీ రంగు వేశారు, ఆమె పట్టించుకోలేదు, ఆమె దృష్టి ఎప్పుడూ పుస్తకం మీదే, పేజీలో తర్వాతి వరుస మీదే, పిల్లల ముఖాలు చూడాలి అని రాసి ఉంటే మాత్రమే ముఖాలు చూసింది. జంటజడలు సూర్యుడికి ఆకుపచ్చ వేస్తోంది, నాలుక బయటపెట్టి, గీత దాటకుండా, లేత ఆకుపచ్చ. అవతలి గదిలో అతను మళ్లీ దగ్గాడు. ఆమె తిరిగి కొట్టలేదు. క్లిప్పు తీసింది. ఏముంటుంది కింద? ఇన్నాళ్లూ దాచుకున్నది ఇందుకే కదా, ఆఖరి మాట కోసం, ఆఖరి మాట పెద్దదిగా ఉండాలి, ఇరవై ఆరేళ్లు పిల్లలకు వాక్యం చెప్పిన మనిషి ఆఖరి పేజీ ఆఖరి వరుస. బహుశా ప్రార్థన. బహుశా చిట్టి పేరు పెట్టి ప్రార్థన, దాని మనసు మార్చు ప్రభువా అని. కింది వరుస చదవండి. ఊ. ఇంకా కిందిది. చీటీ తీసింది.

కింది సగంలో రెండు వరుసలు పాఠానివే. బొమ్మకు రంగులు, పది నిమిషాలు. ప్రార్థన తుమ్ముల పిల్లాడి చేత చేయించాలి, పొట్టిగా చేస్తాడు. తర్వాత కాస్త చోటు వదిలి, పెన్సిల్ మొద్దుబారినట్టుంది, లావు అక్షరాల్లో ఇంకో మూడు వరుసలు.

ఈ నెల బొమ్మలన్నిటికీ పసుపు కావాలి. మంట, ఇసుక, సూర్యుడు. మగ్గులో పసుపు అయిపోయింది.

చిట్టి పాత రంగుల డబ్బాలో ఉంటుంది. అది పసుపు ఎప్పుడూ వాడేది కాదు.

డబ్బా ఎక్కడ పెట్టిందో అడగాలి. శనివారం సాయంత్రం ఫోను.

అంతే. ఇంకేమీ లేదు. ఆమె మళ్లీ చదివింది. పేజీ తిప్పి చూసింది, నీలం గీతలు. నీ పాత. నీ పాత రంగుల డబ్బా ఎక్కడుందే. ఇంతేనా అమ్మా? పది వారాలు రోజూ తెల్లారుజామున లేచి కూర్చున్నది దీనికోసమా? నిష్ఠూరం కాదు, ఆఖరి కోరిక కాదు, పాత మాట గుర్తుచేయడం కాదు, అసలు అమ్మ ఆ మాట గుర్తే పెట్టుకోలేదు, అమ్మకు కావలసింది ఒక పసుపు పెన్సిల్. పొద్దున మంటకు వేయడానికి. చెప్పడానికి ఐదు క్షణాలు పట్టేది. తెల్లారితే క్లాసు కదా, అందుకని బీరువా అంతా వెతికింది, దొరక్క ఫోను చేసింది, కూతురు నవ్వుతోందని పెట్టేసింది, పెట్టేసి, సంచీ సర్ది, చెప్పులు గుమ్మానికి ఎదురుగా తిప్పి పడుకుంది. నీకు చనిపోబోతున్నావని తెలియలేదమ్మా. నీకు రేపు ఉంది. నాలుగు వారాలకు సరిపడా రేపు ఉంది. ఆమెకు పోయిన వారాల ఎర్ర మంటలు, గులాబీ ఇసుక, నేల మీది ఆకుపచ్చ సూర్యుడు అన్నీ ఒక్కసారి కనపడ్డాయి, ఈ తొమ్మిది వారాలూ ఏడుగురు పిల్లలు అమ్మ అడగబోయిన ప్రశ్ననే ఆమెను అడుగుతూ వచ్చారు, ప్రతి ఆదివారం, పెద్ద గొంతుతో, టీచర్ పసుపు లేదు, టీచర్ పసుపు లేదు, ఆమె ఉన్న రంగే వేయండంటూ వచ్చింది. మొదటివారమే ఈ చీటీ పెట్టకుండా నాలుగు పేజీలూ ఒక్కసారి చదువుకుని ఉంటే. దాచుకుంది. దాచుకున్నదాన్ని తెరిస్తే.

గంట కొట్టాడు గార్డు తాతయ్య. తుమ్ముల పిల్లాడి చేత ప్రార్థన చేయించింది, పుస్తకంలో ఉంది కాబట్టి, వాడు "ప్రభువా థాంక్స్ ఆమెన్" అని, ఆమెన్ మీద తుమ్మాడు. పిల్లలు కాగితాలు ఊపుకుంటూ హాల్లోకి పరుగెత్తారు, ఆమె వెనక వెళ్లింది. హాల్లో నాన్న ముసలివాళ్ల బెంచీ చివర గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు, అమ్మ గొంతు వినపడే దిక్కుకు తల తిప్పి కూర్చునే అలవాటు ఇంకా పోలేదు, పిల్లలు కూర్చునే వైపుకే తిరిగి ఉన్నాడు. అతను కొత్త జంటల వరుసలోంచి ఆమె ముఖం చూసి సగం లేచాడు, గుండీ ఇంకా ఒక మెట్టు తప్పే ఉంది. తాతయ్య ఆమె వంక ఒక చూపు చూసి, గొంతు సవరించుకుని, పిల్లల వైపు వంగాడు.

"సరే, చిన్న బండి ముందు. దేవుడు కొండ మీద మోషేకు ఏమిచ్చాడమ్మా?"

పది ఆజ్ఞలు. సంఘమంతా అక్కడ ఉంది. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. పై క్లాసు పిల్లలు అప్పుడే చేతులెత్తి ఎగురుతున్నారు. జంటజడలు లేచి నిలబడి కాగితం రెండు చేతుల్తో పైకెత్తి, హాలంతా కనపడేలా అటూ ఇటూ తిప్పింది.

"తాతయ్యా, మా దగ్గర పసుపు లేదు. అందుకే సూర్యుడు పచ్చిగా ఉన్నాడు."

హాలు గొల్లుమంది. తాతయ్య నవ్వలేదు. రైళ్లన్నీ ఆలస్యంగా నడిచిన రోజుల్లో ప్లాట్‌ఫాం మీద మనుషుల ముఖాలు చూసినవాడు, ఆకుపచ్చ సూర్యుడిని చూశాడు, దాని వెనక నిలబడ్డ ఆమెను చూశాడు, ఆజ్ఞల సంగతి వదిలేశాడు. నెమ్మదిగా, నవ్వులు అణిగేదాకా ఆగి అడిగాడు.

"మరి పసుపు ఎక్కడుందమ్మా?"

ఆమెకు పిన్నుల డబ్బా మీది పడవ బొమ్మ మూత కళ్ల ముందు కనపడింది, తన పాత రంగుల డబ్బా అదే. ఈ పొద్దున కూడా చెయ్యి పెట్టింది అందులో. పిన్నుల కింద, మరల కింద, అడుగున గలగలమనేవి. చిన్నప్పుడు ఆమె సూర్యుడికి ఎప్పుడూ ఎరుపే వేసేది, అందుకే పసుపు ఒక్కటి అరగలేదు, నిండా ఉంది, పొడుగ్గా, చెక్కని మొనతో. అది పుట్టింట్లో లేదు. ఆ సాయంత్రం కూడా లేదు. ఆమె దొర్లి దొర్లి నవ్విన మంచానికి బారెడు దూరంలో అద్దం ముందు ఉంది. ఐదు క్షణాల ప్రశ్న, రెండు క్షణాల జవాబు. హాల్లో అందరూ ఆమె వైపే చూస్తున్నారు, నాన్న కూడా తల ఎత్తాడు. ఆమె నోరు తెరిచింది, కానీ చూపు తాతయ్య మీద లేదు, పిల్లల మీదా లేదు, ఎవరి మీదా లేదు.

"నా దగ్గరే ఉందమ్మా" అంది. "అమ్మా, నా దగ్గరే ఉంది."